పొద్దుకు ఎదురుగ

మంగళారం పొద్దుమూకంగ చెరుకుతోటల తప్పిపోయిన మూడో తరగతి పిల్ల అంకిత, బుధారం పొద్దుగాల ఒక చెరుకు నరికెటాయన భుజం మీద కనబడ్డది. ఆ మనిషి పేరు ఆత్మారాం. పెండ్లాంతోని మహారాష్ట్రకెల్లి కోతలకు వచ్చినోడు. పిల్లల నెత్కపోయెటోడు దొరికిండని ఎర్రకుంట ఊరోళ్లు ఆయనను చావగొట్టి ఠాణాల అప్పజెప్పిండ్రు. ఇదంత అయినప్పుడు భోజన్న సారు ఊర్ల లేడు, నిజామాబాద్‌ల టీచర్ల ట్రైనింగ్‌ల కూసున్నడు. దొరికిన కాడికెల్లి పిల్లకు జ్వరం, నోట్లెకెల్లి మాట లేదు. నాయనమ్మ భీమవ్వ ఎంత బుదగరిచ్చినా పిల్ల ఒక్కటే అన్నది, "సారును పిలువుండ్రి" అని. ఆ కబురు ఇని సారు బేస్తారం పొద్దుగాల ఇల్లు కదిలిండు. పోయిన వారం కథ ఆపినప్పుడు మనం ఆయనను గడప కాడనే నిలబెట్టినం. పాపం, ఇగ నడువనియ్యాలె.

సారు చెప్పులేసుకునెటప్పుడు కొడుకు వేణు వాకిట్ల బండి తుడుస్తున్నడు. కుడిచేతికి గుడ్డ కట్టుకున్నడు.

"చేతికేమైందిరా?"

"బండి జారింది బాపూ," అని మొకం అటు తిప్పుకున్నడు.

డిగ్రీ అయిపోయి రెండేండ్లాయె, నౌకరీ లేదు, ఆఖరికి బండి నడుపుడు గూడ సక్కగ రాదా అని మనసుల తిట్టుకుంట సారు స్కూటర్ కిక్కు కొట్టిండు.

ఈ భోజన్న సారుకు భూగోళమంటే పానం. పుస్తకంల దాని పేరు పరిసరాల విజ్ఞానమని ఉంటది గని, ఆయన మాత్రం భూగోళమనే అంటడు. నాలుగు ఊర్ల బడులు తిరిగి, మళ్ల సొంతూరు ఎర్రకుంట బడికే వచ్చి ఆరేండ్లాయె. బడి వాకిట్ల ముగ్గుపిండితోని మండలం పటం ఏస్తడు. పిల్లలను దాని మీద దుంకిపిస్తడు. "రుద్రూర్ల నిలబడు. ఇగ చందూర్‌కు దుంకు. అగో, కాలువ దాటినవ్, కాళ్లు తడిసినయి చూడు!" అంటే పిల్లలు నిజంగనే కాళ్లు దులుపుకుంటరు. పటానికి అవతల, సిరికొండ ఉండే దిక్కు, గుట్టలని చెప్పి ఒక రాయి పెట్టిండు. అంకిత రోజు ఆ రాయెక్కి నిలబడేది. "సార్, నేను గుట్ట మీదికెల్లి అందరి ఇండ్లు చూస్తున్న" అనేది.

అన్నిటికన్న పేరుపడ్డది మాత్రం ఆయన దిక్కుల పాట. పొద్దుగాల ప్రార్థన అయిపోంగనే పిల్లలంత పొద్దుకు మొకం పెట్టి, రెండు చేతులు చాపి, గొంతెత్తి పాడాలె.

పొద్దుకు ఎదురుగ నిలబడుదాం,
ముందర తూర్పు, ఎనక పడమర,
ఎడమచెయ్యి ఉత్తరం,
కుడిచెయ్యి దక్షిణం!

సోమారం నాడు మండలం కెల్లి అధికార్లు వస్తున్నరు, గీ పాట చూసెతందుకే. నచ్చితే జిల్లాల అన్ని బడులల్ల గిట్లనే చెప్పిస్తరట. సారు ఆ మాట ఇన్న కాడికెల్లి నేల మీద నడుస్తలేడు. ఏమాటకామాట, ఎవ్వరైనా గంతే.

భీమవ్వ ఇంటి ముందర గద్దె మీద నలుగురైదుగురు మొగోళ్లు కూసున్నరు. నడుమ దేవన్న. పసుపు, చెరుకు పండిచ్చే పెద్ద రైతు, ఊర్ల ఏ పంచాయితైనా ఆయన మాటనే ఆఖరు. సారును చూసి లేచి నిలబడ్డడు. "మంచిగొచ్చినవ్ సారూ. ముందుగాల పిల్లను చూసి రా. నీతోని పని ఉన్నది."

లోపట నులక మంచంల అంకిత చద్దరు కప్పుకొని పండుకున్నది. కాళ్ల నిండ చెరుకాకు కోసిన గీతలు. తల్లి లేని పిల్ల, తండ్రి దుబాయ్‌ల ఉన్నడు. భీమవ్వకు ఆ పిల్లనే లోకం. రెండు రోజులకే ముసలామె సగమైంది.

"నా పానం గుంజుకపోతున్నది సారూ. ఆ పాపిష్టోడు దీన్ని ఏం జేసిండో, ఏం బెదిరిచ్చిండో. నువ్వన్న అడుగు," అని కొంగు నోట్లె పెట్టుకొని బయటికి పోయింది.

సారు మంచం పట్టె మీద కూసొని పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టిండు. కాలిపోతున్నది.

"అంకితా, నేనొచ్చిన బిడ్డా."

పిల్ల కండ్లు తెరిచింది. చూసింది.

"సార్, మీరు కోపం చేస్తరా?"

"నేనెందుకు కోపం చేస్త?"

"నాకు దిక్కుల పాఠం రాలే సార్. అందరికి వచ్చింది. నాకే రాలే."

సారుకు సమజ్ కాలే. జ్వరంల ఏదో అంటున్నదనుకున్నడు. పిల్ల మాత్రం రెండు రోజుల కాడికెల్లి దాసుకున్నదంత ఒక్కపారే చెప్పుడు షురూ చేసింది.

"అవ్వ గడ్డిమోపు కడుతుండె. నువ్వు నడువు, నేనొస్త అన్నది. నేను ఉరికిన. గట్టు తిరిగిన, మళ్ల తిరిగిన. అన్ని దిక్కుల చెరుకే సార్. అవ్వను పిలిస్తే పలుకలే. ఏడుపొచ్చింది. గప్పుడు మీ పాట యాదికొచ్చింది. పొద్దుకు ఎదురుగ నిలబడ్డ. చేతులు గూడ చాపిన. ముందర తూర్పు గద. మన ఊరు తోటలకు తూర్పున ఉన్నదని మీరు ముగ్గు పటంల చూపెట్టిండ్రు గద. గందుకే పొద్దు దిక్కే సీద పోయిన. పోయిన, పోయిన. ఊరు రాలే."

సారు చెయ్యి పిల్ల నెత్తి మీద అట్లనే ఆగిపోయింది.

సాయంత్రం పొద్దు. పడమటి పొద్దు. దానికి ఎదురుగ నిలబడి తూర్పనుకొని, ఊరిని ఎనక పెట్టి, ఎనిమిదేండ్ల పసిది మంజీర దిక్కు నడిచింది.

"ఆ... ఆ మనిషి?" అని అడిగిండు.

"మామ చానా మంచోడు సార్. నేను గుడిసెల కాడ ఏడుస్తుంటే చూసిండు. మామి రొట్టె పెట్టింది. వాళ్ల మాట నాకు తెల్వలే, నా మాట వాళ్లకు తెల్వలే. చీకటైంది, ఇక్కడ్నే పండుకో అని చెయ్యితోని చూపెట్టిండ్రు. పొద్దుగాల మామ నన్ను భుజం మీద కూసోవెట్టుకొని నడిచిండు. పొద్దుకు ఎదురుగనే నడిచిండు సార్! గప్పుడు మన ఊరు వచ్చింది." పిల్ల లేవబోయింది, లేవరాలే. "మామ నడిస్తే వచ్చింది. నేను నడిస్తే ఎందుకు రాలే సార్?"

సారు పిల్ల కాళ్ల మీది గీతలు చూసుకుంట కూసున్నడు.

"అందరు మామను కొట్టిండ్రు," అని పిల్ల ఎక్కెక్కి ఏడ్సింది. "వద్దు వద్దని మొత్తుకున్న. ఎవ్వరు ఇనలే. నేను పాఠం మర్సిపోయినందుకు మామకు దెబ్బలు పడ్డయి. అవ్వకు చెప్పకుండ్రి సార్. నన్ను బడి మాన్పిస్తది."

చెప్పాల్సిన మాట ఒక్కటే ఉండె. "నువ్వు తప్పలే బిడ్డా, నేను తప్పిన" అనాలె. నాలుక చివరిదాక వచ్చింది గూడ. కాని భోజన్న సారు ఆ మాట మింగిండు. "పండుకో బిడ్డా, అన్ని మంచిగైతయి," అని చద్దరు సదిరి లేచి వచ్చిండు. అదొక్కటే తప్పనుకుంటిరా? ఇంకా చూడుండ్రి.

గద్దె మీద దేవన్న తెల్లకాయితం, పెన్ను తయారు పెట్టుకున్నడు. ఊర్ల ఎవ్వలకు పింఛన్ దరఖాస్తు కావాలన్నా, కరెంటాఫీసుకు అర్జీ పెట్టాలన్నా రాసేది భోజన్న సారే. ఆయన అక్షరాలు ముత్యాలు. ఆ అక్షరాలు చూస్తే ఆఫీసర్లు గూడ కుర్సీ ఏస్తరని ఊరోళ్ల నమ్మకం.

"ఠాణాల కాయితం అడుగుతున్నరు సారూ. పిల్ల ఏం చెప్పలే, చూసినోడు లేడు, గిట్లైతే వాణ్ని ఇడిచిపెట్టాలె అంటున్నరు. పిల్లను చెరుకులకెల్లి ఎత్కపోయిండని గట్టిగ రాయి. భీమవ్వ ఏలుముద్ర ఏస్తది."

"ఎత్కపోయిండని మనం ఎట్ల..."

"పిల్ల నీతోనేమన్న చెప్పిందా?" అని దేవన్న సూటిగ చూసిండు.

అందరి కండ్లు సారు మీదనే. భీమవ్వ తలుపు పట్టుకొని నిలబడ్డది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సారు అంగీ సదురుకున్నడు. సోమారం కండ్ల ముందర మెదిలింది. అధికార్లు మెదిలిండ్రు. "దిక్కుల సారు పిల్లకు దిక్కు తప్పు చెప్పిండట" అని రుద్రూర్ హోటల్ల చాయ తాగుకుంట నవ్వెటోళ్లు మెదిలిండ్రు. ఒక్క రోజు ఆగుదం, పిల్లకు జ్వరం తగ్గినంక చెప్పొచ్చు అని మనసు ఒక సాకు ఎతికింది. తప్పు చేసెతందుకు మనసు ఎంత తొందరగ సాకులెతుకుతదో!

"జ్వరంల ఉన్నది దేవన్నా. ఏదేదో అంటున్నది. ఏం తెలుస్తలేదు," అన్నడు.

కాయితం తీసుకున్నడు. మోకాలు మీద అట్ట పెట్టుకొని రాసిండు. "మా మనుమరాలిని సదరు వ్యక్తి ఎత్తుకొనిపోయినాడు." ఒక్క కొట్టివేత లేదు. ఒక్క వంకర లేదు. ముత్యాలే.

భీమవ్వ చదువుకోలే. కాయితం మొకం చూసింది, సారు మొకం చూసింది. "సారు రాసిండంటే నిజమే ఉంటది," అని ఏలు సిరాల ముంచి ఒత్తింది.

ఆ మాట సారును నిలువున కాల్చింది. అయినా లేచి బడికి పోయిండు.

ఆ రోజు ప్రార్థనకు దిక్కుల పాట పాడియ్యలే. గొంతు బాగలేదన్నడు. లెక్కలు చెప్పవోయి ఆగిండు, తెలుగు చెప్పవోయి ఆగిండు. మధ్యాహ్నం పిల్లలు భోజనానికి పోయినంక మూడో తరగతి పుస్తకం తీసి దిక్కుల పాఠం పేజీ తిప్పిండు. అచ్చుల మొదటి మాటనే కొట్టొచ్చినట్టు కనబడ్డది. "ఉదయం సూర్యునికి ఎదురుగా." తన పాట కట్టినప్పుడు ఆ "ఉదయం" తాళానికి అడ్డమొచ్చింది. ఇంపుగ లేదని తీసేసిండు. పాడేది పొద్దుగాలనే గద, దాంతోని ఏం పని అనుకున్నడు. గంతే. తాళం కోసం ఒక్క మాట తీసేస్తే ఒక పసిపిల్ల రాత్రంత ఇంటికి దూరం పడ్డది, ఒక పరదేశోని పక్కటెముకలు ఇరిగినయి.

నాలుగు గొట్టంగ లాంగ్ బెల్ కావాలె. సారు బెల్లు కొట్టియ్యలే. ఒక్క ఆశ మిగిలి ఉండె ఆయనకు. అంకిత ఒక్కతే తప్పు అర్థం చేసుకున్నదేమో, తతిమ్మ పిల్లలకు ఎరికేనేమో. గట్లైతే తప్పు సగమే తనది. పిల్లలనందర్ని వాకిట్లకు తీసుకొచ్చిండు. ముగ్గు పటం సగం చెరిగిపోయి ఉన్నది. పొద్దు బడి ఎనక తుమ్మచెట్ల మీదికి వాలుతున్నది.

"పొద్దుకు ఎదురుగ నిలబడుండ్రి," అన్నడు.

ముప్పయొక్క మంది పిల్లలు గిర్రున తిరిగి పొద్దుకు మొకం పెట్టిండ్రు. ఎవ్వలు చెప్పకుండనే చేతులు చాపిండ్రు.

"మీ ముందర ఏ దిక్కు?"

"తూర్పూ!" అని బడంత దద్దరిల్లేటట్టు ఒర్రిండ్రు. ఒక్కరన్న తడబడలే. ఐదో తరగతోళ్లు గూడ.

అంకిత పక్కన కూసునే కావ్య మాత్రం చెయ్యి దించి, కండ్లు చిట్లించి పొద్దును చూసింది. "సార్, పొద్దుగాల తూర్పు వేపచెట్టు కాడ ఉండె. ఇప్పుడు తుమ్మచెట్ల కాడికి ఎట్లొచ్చింది? తూర్పు రోజు జరుగుతదా సార్?"

సారు ముగ్గు పటం నడుమ కూలబడ్డడు. పిల్లల ముందర ఎన్నడు ఏడ్వని మనిషి ఏడ్సిండు.

"లేదు బిడ్డా. తూర్పు జరుగదు. నేనే మీకు తప్పు చెప్పిన. పొద్దుగాల పొద్దు పొడిచే దిక్కే తూర్పు. గిప్పుడు మీ ముందర ఉన్నది పడమర. ఇనుండ్రి, మీరందరు ఇండ్లకు పోయి చెప్పుండ్రి, సారు తప్పు చెప్పిండని. అంకిత పాఠం తప్పలే. సారే తప్పిండు."

పిల్లలకు భయమైంది. సారు ఏడుస్తుంటే ఏం చెయ్యాల్నో ఏ పుస్తకంల రాసి లేదాయె. కావ్యనే పోయి బెల్లు కొట్టింది. అందరు చప్పుడు చెయ్యకుండ సంచులు తీసుకొని పోయిండ్రు.

గేటు కాడ ఎవరో దగ్గిండ్రు. దేవన్న. ఎప్పుడొచ్చిండో, అంత చూసిండు. అంత ఇన్నడు. నెత్తి మీది తువ్వాల తీసి చేతుల పట్టుకున్నడు.

"అంటే, పిల్ల తనంత తాను నడిచి పోయిందా సారూ?"

"నా పాట పాడుకుంట పోయింది దేవన్నా. ఆ మనిషి ఎత్కపోలే, ఎత్తుకొచ్చిండు. పొద్దుగాల పిల్లనే చెప్పింది నాకు. ఇని గూడ నేను కాయితం రాసిన."

దేవన్న గేటు తీసుకొని లోపటికి వచ్చిండు. ముగ్గు పటం అవతలి సిరికొండ రాయి మీద కూసున్నడు.

"కాయితం పోయింది సారూ. నేనే ఇచ్చొచ్చిన. నీ రాత చూసి, ఇగ కేసు గట్టిగ నిలబడ్డది అన్నరు. రేపు పొద్దుగాల కోర్టుకు తీస్కపోతరు. ఆయన పెండ్లాం ఠాణా ముందర నేల మీద కూసొని ఉన్నది. ఏడుస్తలేదు గూడ. ఊకె చూస్తున్నది."

"నేనిప్పుడే పోత," అని సారు లేచిండు. "తప్పు నాదని రాసిస్త. ఇంకో కాయితం రాస్త."

"చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే ఏం లాభం సారూ?"

"కాలింది నా చేతులు గావు దేవన్నా. ఆయనయి."

దేవన్న అడ్డం వచ్చిండు. కోపంతోని కాదు, ఆ కండ్లల్ల ఏదో జాలి ఉండె.

"ఆగు. జెర ఆలోచన చెయ్యి. వాడు దొంగ గాదంటే, మరి కొట్టినోళ్లేమైతరు? కేసు మనోళ్ల మీదికి తిరుగుతది. బుధారం నువ్వు ఊర్ల లేవు. నీకు ఎవ్వలు చెప్పలే, నేనే చెప్పొద్దన్న." తువ్వాల మడిచిండు, మళ్ల ఇప్పిండు. "మొదటి దెబ్బ మీ వేణుది సారూ. మిగిలినోళ్లు చేతులతోని కొట్టిండ్రు. వాడు చెరుకుగడ అందుకున్నడు. అది ఇరిగి వాని చెయ్యే కోసుకపోయింది. అయినా ఆపలే."

సారుకు పొద్దుగాలటి గుడ్డ కట్టిన చెయ్యి యాదికొచ్చింది. బండి జారింది బాపూ. అటు తిప్పుకున్న మొకం. ఒక్క చెట్టు కాయలే ఇద్దరు. తండ్రి పెన్నుతోని కొట్టిండు, కొడుకు గడతోని కొట్టిండు.

"ఇప్పుడు చెప్పు, పోతవా?" అన్నడు దేవన్న మెల్లగ. "సప్పుడు చెయ్యకుండ ఇంటికి పో. పిల్లలు రేపటికి మర్సిపోతరు."

సారు బడిలకు పోయిండు. బల్ల మీది తెల్లకాయితాలు నాలుగు మడిచి జేబుల పెట్టుకున్నడు. స్కూటర్ తీసిండు. కిక్కు మూడుసార్లు కొడితే గని అందుకోలే.

ఠాణాకు పోయే బోధన్ రోడ్డు మీద పొద్దు ఎడమ చెంపకు కొడుతున్నది. అంటే ఉత్తరం దిక్కు పోతున్న అనుకున్నడు, అలవాటు చొప్పున. రెండు దిక్కుల మనిషెత్తు చెరుకు. దాంట్ల ఒక పసిది చేతులు చాపి పాడుకుంట పోయినట్టే కనబడుతున్నది. ఠాణా ముందర కూసున్న ఆడమనిషికి రెండు మాటల మరాఠీ గూడ రాదు తనకు. దండమన్న పెడుత అనుకున్నడు.

కాలువ వంతెన కాడ రోడ్డుకు అడ్డం బండి పెట్టి ఒకడు నిలబడి ఉన్నడు. దగ్గరికి పోయినంక గుర్తువట్టిండు. చేతికి కట్టిన గుడ్డకు మళ్ల నెత్తురు ఊరింది. దేవన్న ఫోన్ చేసినట్టున్నడు, పిలగాని మొకంల నెత్తురు సుక్క లేదు. డిగ్రీ చదివిన వేణు గాదు, నెత్తికి నూనె పెట్టి బడికి చెయ్యి పట్టుకొని తీస్కపోయిన వేణు నిలబడ్డట్టే ఉన్నది.

సారు స్కూటర్ ఆపిండు. ఇంజిన్ మాత్రం బంద్ చెయ్యలే.

"బాపూ," అన్నడు వేణు. "ఎటు పోతున్నవ్?"